వడ్డాణం కట్టుకున్న కన్ను

ఎంఆర్‌ఐ గది బయట రోజూ ఓ చిన్న తంతు నడుస్తుంది. గడియారం, తాళంచెవులు, చెవిదుద్దులు, కాలిమెట్టెలు, తాయెత్తు ఒక్కొక్కటే ట్రేలోకి చేరతాయి. మంగళసూత్రం తీయడానికి మనసొప్పని పెద్దావిడ పసుపుకొమ్ము కట్టిన దారం మెడలో వేసుకుని, పుస్తెలు కూతురి చేతిలో పెడుతుంది. కళ్లకు పెట్టుకున్నవి తుడిచేసుకోమంటారు. కొన్ని కంటి అలంకరణల్లో ఇనుము ఆక్సైడ్ రంగులుంటాయి, అవి అయస్కాంతం దగ్గర బొమ్మను చెడగొడతాయి. ఆ తర్వాత కాగితం మీద ప్రశ్నలు. గుండెలో పేస్‌మేకర్ ఉందా? మోకాలు మార్చారా? ఎముకలో రాడ్డు వేశారా? వీటన్నిటికీ జవాబు తడుముకోకుండా వస్తుంది. కంటి ఆపరేషన్ ఏమైనా అయిందా అన్న చోట ఆగుతుంది. ‘‘అయింది నాయనా, చాలా ఏళ్లయింది. లోపల పొర ఊడితే ఏదో కట్టు కట్టారు.’’ అది ఇనుమా, రబ్బరా? ‘‘ఏమో, ఆ డాక్టరుగారికే తెలియాలి.’’

ఆ డాక్టరుగారు ఏ ఊళ్లో ఉన్నారో, అసలు ఉన్నారో లేదో. స్కాన్ మాత్రం ఇప్పుడు తీయాలి.

ఊడింది అంటున్న ఆ పొర పేరు రెటీనా. కంటిగుడ్డు లోపలి గోడను అంటిపెట్టుకుని ఉంటుంది. మందం మిల్లీమీటరులో పావువంతు. ఎక్కడో చిన్న చిరుగు పడుతుంది, కంట్లోని నీరు ఆ చిరుగులోంచి పొర వెనక్కి చేరుతుంది, తడిసిన గోడ మీది కాగితం ఊడి వచ్చినట్టు పొర లేచి వస్తుంది. మొదట మెరుపులు, తర్వాత తేలే నల్లచుక్కలు, ఆ తర్వాత ఓ పక్క నుంచి కమ్ముకొచ్చే నీడ. నొప్పి ఉండదు. ఎర్రబడదు. అందుకే చాలామంది ‘రేపు చూద్దాంలే’ అనుకుంటారు. నూరేళ్ల కిందట అయితే రేపు చూసినా ఎల్లుండి చూసినా ఒకటే. రోగిని వారాల తరబడి మంచం మీద కదలకుండా పడుకోబెట్టడమే వైద్యం. దాదాపు ఎవరికీ చూపు దక్కేది కాదు.

ఆ స్థితిని మార్చినవాడు స్విట్జర్లాండ్‌లోని లొజాన్ నగరపు వైద్యుడు జూల్ గోనిన్. పొర ఊడటానికి కారణం చిరుగేననీ, చిరుగు మూస్తే పొర తిరిగి అంటుకుంటుందనీ ఆయన 1920ల్లో పట్టుబట్టి చెప్పాడు, చేసి చూపించాడు. చాలామంది తోటి వైద్యులు ఏళ్లపాటు నమ్మలేదు. ఆయన శస్త్రచికిత్సలో కిటుకంతా ఒక్కటే. లోపలి చిరుగు సరిగ్గా ఎక్కడ ఉందో బయటి తెల్లగుడ్డు మీద గుర్తు పెట్టుకోవాలి. అక్కడే వాత పెట్టాలి. ఓ రెండు మిల్లీమీటర్లు పక్కకు పోతే పని వృథా. శ్రీకాళహస్తిలో తిన్నడు రెండో కన్ను పెకలించుకునే ముందు, తనకు చూపు పోయాక స్వామి కన్ను ఎక్కడుందో తెలియదని కాలు ఆనించి చోటు గుర్తు పెట్టుకున్నాడు కదా. భక్తి సంగతి అలా ఉంచితే, ఆ క్షణంలో అతనికి తట్టిన ఉపాయం మాత్రం ఏ రెటీనా సర్జనైనా మెచ్చేదే.

వాత ఒక్కటే సరిపోని కళ్లున్నాయి. లోపలి జిగురు పొరను పట్టి గుంజుతూ ఉంటే మూసిన చిరుగు మళ్లీ తెరుచుకుంటుంది. అప్పుడు పొరను గోడ దగ్గరికి తేవడం కుదరకపోతే గోడనే పొర దగ్గరికి నెట్టాలన్న ఆలోచన వచ్చింది. 1949లో జర్మనీలో కుస్టోడిస్, 1951లో బోస్టన్‌లో చార్లెస్ షెపెన్స్ తెల్లగుడ్డు మీద బయటి నుంచి ఒత్తు పెట్టి కుట్టే పద్ధతులు తెచ్చారు. షెపెన్స్ బెల్జియం మనిషి. రెండో ప్రపంచయుద్ధంలో మారుపేరుతో ఫ్రాన్స్ సరిహద్దు కొండల్లో కలప మిల్లు నడుపుతూ, ఆ ముసుగులో నాజీల నుంచి పారిపోతున్నవారిని స్పెయిన్‌లోకి దాటించాడు. ఆ తర్వాత కంటి లోపలి అంచుల దాకా చూపించే, నుదుటికి పెట్టుకునే పరికరం తయారుచేశాడు. ఈరోజు మన ఊళ్లలో రెటీనా డాక్టరు తలకు దీపం తగిలించుకుని, చేతిలో భూతద్దం పట్టుకుని ‘పైకి చూడండి, కిందికి చూడండి’ అంటున్నాడంటే ఆ పరికరానికి మూలపురుషుడు ఆయనే.

ఆ ఒత్తు ఇప్పుడు సిలికాన్ రబ్బరుతో చేసిన సన్నటి పట్టీ. కంటిగుడ్డు నడుం చుట్టూ, కండరాల కింద నుంచి తిప్పి బిగిస్తారు. అక్షరాలా వడ్డాణం. బయటికి కనిపించదు, మోసేవారికి గుర్తు కూడా ఉండదు. బిగించిన నడుం సన్నబడి కన్ను ముందు వెనుకలకు కాస్త సాగుతుంది. మిల్లీమీటరు సాగినా అద్దాల పవర్ రెండున్నర, మూడు మేర మైనస్ వైపు పెరుగుతుంది. ఆపరేషన్ తర్వాత కొత్త కళ్లజోడు పడటానికి ఓ కారణం అదే. ఈ పట్టీని సాధారణంగా తీయరు. మనిషితోపాటే ఉండిపోతుంది.

మరో దారి కంటి లోపలికి వెళ్లడం. 1970లో మయామీలో రాబర్ట్ మాకెమర్ కంట్లోని జిగురును సన్నటి గొట్టంతో కత్తిరిస్తూ పీల్చి తీసేసే శస్త్రచికిత్స చేశాడు. అంతకుముందు ఆ పనిముట్టును ఆయన కోడిగుడ్డు తెల్లసొన మీద ప్రయత్నించి చూశాడు. జిగురు తీసేశాక ఆ ఖాళీని ఏదో ఒకదానితో నింపాలి, పొర మళ్లీ అంటుకునేదాకా అది లోపలి నుంచి ఆనించి పట్టాలి. వాయువు నింపితే కొన్నాళ్లకు దానంతట అదే కరిగిపోతుంది. ఒక రకం వాయువు రెండు వారాల్లో, మరో రకం ఆరు నుంచి ఎనిమిది వారాల్లో. సమస్య మొండిదైతే సిలికాన్ నూనె నింపుతారు. అది కరగదు. కొన్ని నెలల తర్వాత మరో ఆపరేషన్ చేసి తీయాలి. ఆలస్యంగా వచ్చే కేసులు ఎక్కువ కాబట్టి మన దగ్గర ‘కంట్లో ఆయిల్ వేశారు’ అన్న మాట రెటీనా వార్డులో తరచూ వినబడుతుంది.

అంటే ఆపరేషన్ అయిన కన్ను పుట్టినప్పటి కన్ను కాదు. దాని నడుముకో రబ్బరు పట్టీ ఉండొచ్చు, కడుపులో వాయువో నూనెనో ఉండొచ్చు, ముందు భాగంలో శుక్లం తీసి వేసిన ప్లాస్టిక్ లెన్స్ ఉండొచ్చు. ఈ కన్ను ఎంఆర్‌ఐ సొరంగంలోకి వెళితే ఏమవుతుంది?

ఎంఆర్‌ఐ చూసేది ప్రధానంగా నీటినీ కొవ్వునీ. వాటిలోని హైడ్రోజన్ కేంద్రకాలను భూమి అయస్కాంత శక్తికి సుమారు ముప్ఫైవేల రెట్లుండే క్షేత్రంలో ఒక వరుసలో నిలబెట్టి, రేడియో తరంగంతో తట్టి, అవి తిరిగి పంపే సంకేతాన్ని వింటుంది. ఆ సంకేతం ఎక్కడి నుంచి వచ్చిందో లెక్కగట్టి బొమ్మ గీయొచ్చని 1973లో చూపినందుకు పాల్ లాటర్‌బర్, ఆ లెక్కను వేగవంతం చేసినందుకు పీటర్ మాన్స్‌ఫీల్డ్ 2003లో నోబెల్ అందుకున్నారు. ఈ యంత్రానికి కన్ను చాలా ఇష్టమైన వస్తువు అయి ఉండాలి. కంట్లో జిగురు తొంభై ఎనిమిది శాతం పైగా నీరే. ఒక రకం చిత్రంలో తలలోని మిగతా భాగాలు చాలావరకు బూడిదరంగులో ఉంటే రెండు కళ్లూ రెండు పౌర్ణమి చంద్రుల్లా వెలుగుతాయి.

అయినా కంటి డాక్టరు మామూలుగా ఎంఆర్‌ఐ అడగరు. అడగక్కర్లేదు కూడా. 1991లో వచ్చిన ఓసీటీ అనే కాంతి పరీక్ష రెటీనాలోని పొరలను మైక్రాన్ల లెక్కన విడదీసి చూపిస్తుంది. గడ్డం ఆనించి ఓ నిమిషం కూర్చుంటే చాలు. మామూలు ఎంఆర్‌ఐలో ఒక్కో చుక్క దాదాపు అర మిల్లీమీటరు ఉంటుంది. పావు మిల్లీమీటరు పొర దానికి గీతలా కనిపించడమే గొప్ప. పైగా కన్ను ఒక్క క్షణం నిలకడగా ఉండదు. మనం ఉంచామనుకున్నా ఉండదు. అందుకే కంటికే ప్రత్యేకించి ఎంఆర్‌ఐ తీసే పరిశోధన కేంద్రాల్లో ఓ గుర్తును చూస్తూ ఉండమంటారు, చిత్రం తీయని ఖాళీ క్షణాల్లో మాత్రమే రెప్ప వేయమని సంజ్ఞ ఇస్తారు. కంటికి దగ్గరగా చిన్న కాయిల్ పెడతారు. నెదర్లాండ్స్‌లోని లైడెన్ లాంటి చోట్ల ఏడు టెస్లాల అయస్కాంతంతో కూడా కళ్లను చూస్తున్నారు. అది మన వీధి చివరి డయాగ్నస్టిక్ సెంటర్‌లో దొరికే సరుకు కాదు.

మరి ఆపరేషన్ అయిన కంటికి ఎంఆర్‌ఐ ఎందుకు? కాంతితో చూసే ఏ పరికరానికైనా దారి కావాలి. నల్లగుడ్డు మసకబారినా, శుక్లం ముదిరినా ఆ దారి మూసుకుపోతుంది. అప్పుడు శబ్దతరంగాలతో చూసే అల్ట్రాసౌండ్ పట్టుకుంటారు. కంట్లో నూనె ఉంటే అదీ తికమకపడుతుంది. శబ్దం మామూలు కంటి జిగురులో సెకనుకు 1532 మీటర్లు పోతే, సిలికాన్ నూనెలో 980 మీటర్లే పోతుంది. ప్రతిధ్వని ఆలస్యంగా వస్తుంది కాబట్టి, యంత్రం నూనె ఉన్న భాగాన్ని ఒకటిన్నర రెట్లు పొడవుగా గీసేస్తుంది. కంటి వెనుక గోడ ఎక్కడో దూరాన ఉన్నట్టు కనిపిస్తుంది. ఎంఆర్‌ఐకి కాంతి దారి అక్కర్లేదు, శబ్దవేగంతో పేచీ లేదు. పట్టీ ఎక్కడ ఎంత లోతుకు ఒత్తుతోంది, కన్ను ఏ ఆకారంలోకి సాగింది, నూనె బుడగ ఎంతమేర నిండింది అన్నవి అది మొత్తంగా, ఏ కోణంలోంచి అంటే ఆ కోణంలో చూపిస్తుంది.

ఇందులో సర్జన్లకు నిజంగా ఆసక్తి కలిగించే ప్రశ్న ఒకటుంది. నూనె బుడగ తనంతట తాను గుండ్రంగా ఉండాలని చూస్తుంది. వడ్డాణం బిగించిన కన్ను లోపల గుండ్రంగా ఉండదు, నడుం దగ్గర గట్టులా ముందుకు పొడుచుకొస్తుంది. ఆ గట్టుకు అటూ ఇటూ ఉన్న మూలల్లోకి నూనె వెళ్లి ఆనుతోందా, లేక అక్కడ సన్నటి నీటిపాయ మిగిలిపోతోందా? నూనె తాకని చోట పొరకు ఆసరా లేదు. చిరుగు సరిగ్గా అక్కడే ఉంటే? డాక్టరు కనుపాపలోంచి ఎంత తొంగిచూసినా, నూనెకూ నీటికీ మధ్య అంచు ఎక్కడుందో తేల్చడం కష్టం. బతికున్న మనిషి కంట్లో ఆ అంచును చూడటానికి ఎంఆర్‌ఐని వాడిన సర్జన్లున్నారు. ఇంకో సంగతి. సిలికాన్ నూనె నీటికంటే తేలిక. వెల్లకిలా పడుకున్నప్పుడు నీటిపాయ కంటి వెనక్కి, అంటే చూపులో అతి కీలకమైన భాగం దగ్గరికే చేరుతుంది. వాయువు బుడగదీ అదే తీరు. ఆపరేషన్ అయ్యాక చాలామందిని రోజుల తరబడి బోర్లా ఉండమని ఎందుకు సతాయిస్తారో ఈ ఒక్క చిత్రం చూస్తే తెలిసిపోతుంది. బోర్లా పడుకుంటే కంటి వెనుక భాగమే పైకప్పు అవుతుంది, బుడగ వెళ్లి దానికి ఆనుతుంది. మెడ నొప్పి, ముక్కు ఒరిపిడి అంటూ మొరాయించే పేషెంట్లకు ఉపన్యాసం ఇచ్చేకన్నా ఆ చిత్రం చూపడం మేలేమో.

ఎంఆర్‌ఐలో సిలికాన్ వేషాలు చూస్తే ముచ్చటేస్తుంది. పట్టీగా ఉన్న సిలికాన్ గట్టి రబ్బరు కాబట్టి అందులోని హైడ్రోజన్ సంకేతం ఇట్టే ఆరిపోతుంది. బొమ్మలో నల్లగా, ఖాళీలా కనిపిస్తుంది. అదే సిలికాన్ నూనెగా ఉంటే సంకేతం ఇస్తుంది. ఒక రకం చిత్రంలో నీటికంటే ప్రకాశంగా కూడా వెలుగుతుంది. నూనెలోని హైడ్రోజన్ స్వరం నీటి హైడ్రోజన్ స్వరానికి కాస్త పక్కగా ఉంటుంది. యంత్రం స్వరాన్ని బట్టే చోటును లెక్కిస్తుంది కాబట్టి, నూనెను ఉన్నచోటు నుంచి కొంచెం జరిపి గీస్తుంది. బుడగ ఓ అంచున నల్లగీత, ఎదుటి అంచున తెల్లగీత పడతాయి. తెలిసినవారికి అదే నూనె సంతకం. తెలియనివారికి రెటీనా మళ్లీ ఊడిందేమోనన్న అనుమానం.

సీటీ స్కాన్‌లో అయితే పొరపాటుకు మరింత ఆస్కారం. నూనె అక్కడ తాజా రక్తంలా తెల్లగా కనిపిస్తుంది. బాత్రూంలో జారిపడ్డ పెద్దాయనకు తల స్కాన్ తీస్తారు. కంటినిండా తెల్లదనం. రెండేళ్ల కిందటి కంటి ఆపరేషన్ సంగతి ఎవరూ చెప్పకపోతే, దెబ్బకు కంట్లో రక్తస్రావమైందని రాసినా రేడియాలజిస్టును తప్పుపట్టలేం. ఇంకా అరుదుగా, నూనె బిందువులు కంటినరం వెంబడి పాకి మెదడులోని నీటి గదుల్లోకి చేరతాయి. అక్కడ అది మెదడులో రక్తస్రావంలా కనబడుతుంది. గుండె జారిపోయే నివేదిక అది. దీన్ని విడదీసే ఉపాయం మాత్రం చాలా సులువు. వెల్లకిలా పడుకున్న మనిషిలో రక్తం బరువుకు వెనక్కి దిగి పేరుకుంటుంది, నూనె తేలి ముందువైపు గదుల్లో నిలుస్తుంది. అనుమానముంటే బోర్లా తిప్పి మళ్లీ తీస్తే నూనె చోటు మారుతుంది. కోట్ల రూపాయల యంత్రం తేల్చలేనిది బోర్లా తిప్పి పడుకోబెడితే తేలిపోతుంది.

అన్నిటికన్నా వింత కథ మరో రకం వడ్డాణానిది. సిలికాన్ గట్టిగా ఉంటుంది, మెత్తగా, కణజాలంతో సఖ్యంగా ఉండే పదార్థం కావాలని 1980ల్లో అమెరికా తదితర దేశాల్లో హైడ్రోజెల్ పట్టీలు వాడకంలోకి వచ్చాయి. నీరు పీల్చుకుని కొంచెం ఉబ్బడం వాటి సుగుణమే అనుకున్నారు. మొదటి కొన్నేళ్లు బాగానే ఉన్నాయి. తర్వాత కొందరిలో ఆ ఉబ్బడం ఆగలేదు. పదార్థం లోలోపలే విరిగిపోతూ మరింత నీరు పీల్చుకుంది. 1990ల్లో దాన్ని మార్కెట్లోంచి తీసేశారు. కళ్లకు కట్టినవి కళ్లకే ఉండిపోయాయి. ఆపరేషన్ అయిన పదేళ్లకు, ఇరవయ్యేళ్లకు కూడా మనుషులు ఆస్పత్రులకు వచ్చారు. రెప్ప కింద మెత్తటి గడ్డ, కన్ను తిప్పలేకపోవడం, ఒకటి రెండుగా కనిపించడం. ఎంఆర్‌ఐ తీస్తే కన్ను పక్కన నీటితిత్తిలా తెల్లగా వెలిగే పెద్ద ఆకారం. కణితా? చీముగడ్డా? పుట్టుకతో వచ్చిన తిత్తా? పాత ఆపరేషన్ సంగతి తెలియక ముక్క కోసి పరీక్షకు పంపిన సందర్భాలున్నాయి. తీయబోతే పట్టకారుకు చిక్కక పొడిపొడిగా రాలిపోయే పదార్థం అది. నిజానికి చిత్రంలోనే జవాబుంది. ఆ తెల్లటి ఆకారం కంటిగుడ్డు నడుం వెంబడి వంపు తిరిగి ఉంటుంది. ఏ కణితీ అంత బుద్ధిగా వడ్డాణం దారి పట్టి పెరగదు. కానీ అక్కడ ఒకప్పుడు వడ్డాణం కట్టారన్న సంగతి తెలిస్తేనే ఆ వంపు కంటికి ఆనుతుంది.

ఇక ఇనుము భయం. ఇందులో కొంత నిజం, కొంత అపోహ. సిలికాన్ పట్టీ, నూనె, వాయువు, శుక్లం లెన్స్, వీటిలో అయస్కాంతానికి లొంగేది ఏదీ లేదు. పాతకాలంలో పట్టీ కొసలు బిగించడానికి టాంటలం క్లిప్పులు వాడేవారు. అవి లోహమే అయినా అయస్కాంతం లాగే లోహం కాదు. 1980ల్లో రెటీనాను గోడకు బిగించడానికి చిన్న మేకులు వాడినవారున్నారు. వాటిలో ఒకటి రెండు రకాల ఉక్కు విషయంలో మాత్రం కాగితం చూసి తీరాలి. మిగతావారు నడుంనొప్పికో, మోకాలికో ఎంఆర్‌ఐ అవసరమైనప్పుడు ‘కంటికి ఆపరేషన్ అయింది, వద్దులే’ అని వాయిదా వేయనక్కర్లేదు.

భయపడాల్సిన ఇనుము ఆపరేషన్‌లో పెట్టింది కాదు, పనిలో పడింది. సుత్తి దెబ్బకు ఉలి అంచు నుంచి ఎగిరిన రవ్వ, గ్రైండింగ్ చక్రం విసిరిన నలుసు. తెల్లగుడ్డును చీల్చుకుని లోపలికి పోయినా కొన్నిసార్లు చిన్న చురుక్కుమనడం తప్ప ఏమీ తెలియదు. 1986లో అమెరికా వైద్యపత్రికలో అచ్చయిన ఓ కేసు అప్పటి నుంచీ రేడియాలజీ పాఠాల్లో నిలిచిపోయింది. కంట్లో ఇనుప నలుసు ఉన్న సంగతి తెలియని ఓ వ్యక్తికి ఎంఆర్‌ఐ తీశారు. ఆ నలుసు కదిలింది, కంట్లో రక్తస్రావమై ఆ కంటి చూపు పోయింది. అందుకే వెల్డింగ్, లేత్ పనులు చేసినవారికి, కంట్లో ఎప్పుడైనా ఇనుపరజను పడినవారికి ముందుగా కళ్లకు ఎక్స్‌రే తీస్తారు. విజయవాడ ఆటోనగర్‌లో పనిచేసే కుర్రాళ్లను, క్వారీ కూలీలను, ఒకప్పుడు వీధుల్లో తిరుగుతూ రోళ్లకు కక్కు కొట్టిన ఆడవాళ్లను ఈ ప్రశ్న తప్పక అడగాలి. ‘మీ వృత్తి?’ అన్న గడిలో ‘గృహిణి’ అని రాసుకుంటే తేలే సంగతి కాదిది. ఇందులో చమత్కారమేమిటంటే, అదే అయస్కాంతం కంటికి మేలూ చేసింది. 19వ శతాబ్దంలోనే బెర్లిన్‌లో హిర్ష్‌బర్గ్ విద్యుదయస్కాంతంతో కళ్లలోంచి ఇనుప నలుసులు లాగి తీశాడు. చేతిలో పట్టుకుని, ఎటు లాగుతోందో చూసుకుంటూ లాగాడు. తెలియకుండా లాగితే వచ్చింది ముప్పు.

వాయువు విషయంలో ముప్పు అయస్కాంతంతో కాదు, ఎత్తుతో. బుడగ ఉన్నన్నాళ్లూ విమానం ఎక్కకూడదు. పైకి పోయేకొద్దీ గాలి ఒత్తిడి తగ్గి బుడగ వ్యాకోచిస్తుంది, కంట్లో ఒత్తిడి పెరిగి నరం దెబ్బతింటుంది. మత్తుకు వాడే నైట్రస్ ఆక్సైడ్ కూడా బుడగను ఉబ్బిస్తుంది. ఆ కొన్ని వారాలు చేతికి పట్టీ కట్టి పంపే ఆస్పత్రులున్నది అందుకే. చూపు దక్కితే కొండకు వస్తామని మొక్కుకున్నవారు మరుసటి వారమే తిరుమల ఘాట్ రోడ్డు ఎక్కకుండా, బుడగ కరిగిందో లేదో డాక్టర్ని అడిగి వెళ్లడం మంచిది. వేంకటేశ్వరుడు ఎన్నాళ్లైనా ఆగుతాడు.

తెలుగు నేల మీద రెటీనా శస్త్రచికిత్సకు కొదవ లేదిప్పుడు. 1978లో చెన్నైలో బద్రీనాథ్ స్థాపించిన శంకర నేత్రాలయకు ఒకప్పుడు నెల్లూరు మొదలు శ్రీకాకుళం దాకా జనం రైలెక్కి పోయేవారు. 1987లో గుళ్లపల్లి నాగేశ్వరరావు చొరవతో, సినీ ప్రముఖుడు ఎల్.వి.ప్రసాద్ విరాళంతో హైదరాబాద్ బంజారాహిల్స్‌లో నేత్ర వైద్య సంస్థ మొదలయ్యాక ఆ ప్రయాణం తగ్గింది. ఇప్పుడు జిల్లా కేంద్రాల్లో కూడా రెటీనా నిపుణులున్నారు. ఎంఆర్‌ఐ యంత్రాలూ ఊరూరా వచ్చాయి. కొరతల్లా ఈ రెండు గదుల మధ్య నడవాల్సిన కాగితానిది. ఆపరేషన్ చేసిన డాక్టరు రాసింది ఓ ఊళ్లో, స్కాన్ చదివే డాక్టరు మరో ఊళ్లో. డిశ్చార్జి కాగితంలో పొట్టి అక్షరాల్లో పదార్థం పేరు ఉంటుంది. అది కంటి డాక్టరు చదవడానికి రాసింది. పక్కనే పేషెంటుకు అర్థమయ్యేలా ఒక్క తెలుగు ముక్క ఉంటే బాగుండు: ‘కుడికంటి చుట్టూ సిలికాన్ రబ్బరు పట్టీ ఉంది, లోహం లేదు, తీయరు’ అని. గుండెలో స్టెంట్ వేసినవారికి పర్సులో పెట్టుకునే కార్డు ఇచ్చి పంపుతున్నారు. కంటివాళ్లకూ అలాంటిది ఇవ్వడానికి అడ్డం ఏముందో తెలియదు.

ఇచ్చిన కాగితాలన్నీ ఒకే ఆయుష్షుతో దాచాల్సినవీ కావు. వాయువు కాగితం రెండు మూడు నెలలు ఉంటే చాలు, ఆ తర్వాత అందులో రాసింది కంట్లో ఉండదు. నూనె కాగితం నూనె తీసేదాకా చేతికి అందేచోట ఉండాలి. పట్టీ కాగితం మాత్రం మనిషి ఉన్నన్నాళ్లూ ఉండాలి. మన ఇళ్లలో జరిగేది దీనికి సరిగ్గా తలకిందులు. ఇన్సూరెన్సు కోసం బిల్లులు పదిలంగా ఉంటాయి, మందుల చీటీలు ఏళ్ల తరబడి పాలిథిన్ సంచిలో పేరుకుంటాయి, ఆపరేషన్ వివరాలున్న ఆ ఒక్క కాగితం ఏ డాక్టరు టేబుల్ మీదో ఉండిపోతుంది. లేదా మరీ భద్రంగా దాచేస్తారు. అమెరికాలో కొడుకు దగ్గరికి వెళ్లిన తల్లికి అక్కడ హఠాత్తుగా తల స్కాన్ తీయాల్సివస్తుంది. కంట్లో ఏముందని అక్కడి డాక్టరు అడుగుతాడు. కొడుకు అర్ధరాత్రి ఇంటి పక్కవాళ్లకు ఫోన్ చేస్తాడు. ఫైలు ఎక్కడికీ పోలేదు. తెనాలిలో బీరువాలో, పట్టుచీరల కింద ఉంది. బీరువా తాళంచెవి ఆవిడ హ్యాండ్‌బ్యాగులో, డాలస్‌లో ఉంది.